సైరన్‌కు టైమ్ ఎవరు చెప్పేవారు?

అనంతపురంలో గడియారం మధ్యాహ్నం పన్నెండు చూపే వేళకు సూర్యుడు ఇంకా పైకి ఎక్కుతూనే ఉంటాడు. మిట్ట మధ్యాహ్నం కావడానికి సగటున మరో ఇరవై నిమిషాలు పడుతుంది. ఫిబ్రవరి రెండో వారంలో అది 12.34 దాకా జరుగుతుంది, నవంబరు మొదట్లో 12.03కే అయిపోతుంది. ఈ సగటు తేడా కర్నూలులో సుమారు పద్దెనిమిది నిమిషాలు, కడపలో పావుగంట. అదే కాకినాడలో నిమిషం మాత్రమే. అంటే రాయలసీమ పట్టణాల్లో ఒకప్పుడు మున్సిపల్ సైరనో మిల్లు సైరనో వినపడగానే పని ఆపి సంగటి ముద్దకు కూర్చున్నవాళ్లు తమ ఊరి ఎండను బట్టి కూర్చోలేదు. ఎక్కడో లెక్కగట్టిన పన్నెండు ఏదో దారిన సైరన్ స్విచ్ దాకా వచ్చింది. దాన్ని నొక్కిన ఉద్యోగి గోడ గడియారం చూసి నొక్కాడు. మరి ఆ గడియారాన్ని ఎవరు సరిచేశారు? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే సైరన్ పుట్టుక చాలావరకు తెలిసిపోతుంది.

రైలు రాకముందు ఊరికో మధ్యాహ్నం ఉండేది. పగలూ రాత్రీ కలిపి అరవై ఘడియలు, ఘడియకు ఇరవై నాలుగు నిమిషాలు, మూడు గంటలకు ఒక జాము. ఈ లెక్కకు ఆధారం ఆ ఊరి సూర్యోదయమే. కంపెనీ పాలన వచ్చాక జైలు దగ్గర, ట్రెజరీ దగ్గర కాపలా జవాను గంటగంటకూ గంట కొట్టే పద్ధతి ఏర్పడింది. అది ఊరికి టైమ్ చెప్పడానికి పెట్టినది కాదు. కాపలా మనిషి నిద్రపోలేదని పైవాళ్లకు తెలియడానికి, డ్యూటీ మారేవాళ్లకు వేళ తెలియడానికి పెట్టింది. ఊరు దాన్ని ఊరికే విని వాడుకుంది. ఒక పనికి పెట్టిన చప్పుడు ఇంకో పనికి కుదురుకోవడం ఈ కథలో ఇక్కడితో ఆగదు.

మద్రాసులో నక్షత్రశాల, అంటే నక్షత్రాలను గమనించి టైమ్ లెక్కగట్టే అబ్జర్వేటరీ, 1792లో వెలిసింది. ఓడలు సముద్రంలో తాము ఎక్కడున్నామో తెలుసుకోవాలంటే కచ్చితమైన గడియారం ఉండాలి, దాన్ని రేవులో సరిచూసుకోవాలి. నక్షత్రశాల అసలు గిరాకీ అదే. అక్కడి ఖగోళ శాస్త్రవేత్త జాన్ గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు రేఖాంశాన్ని 80 డిగ్రీల 18 నిమిషాల 30 సెకన్లుగా తేల్చాడు. దాని ప్రకారం మద్రాసు గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుంటుంది. మద్రాసు టైమ్ అంటే ఇదే. తర్వాత నక్షత్రశాల గడియారాన్ని బట్టి సెయింట్ జార్జి కోటలో ఫిరంగి పేల్చేవారు. లోకమంతా రేవు పట్టణాల్లో ఇలాంటి ఏర్పాట్లే ఉండేవి. గ్రీనిచ్‌లో 1833 నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు స్తంభం మీది బంతి కిందికి జారేది. ఎడిన్‌బరోలో 1861 నుంచి ఒంటిగంట ఫిరంగి మోగుతోంది. కచ్చితమైన గడియారాన్ని బట్టి రోజూ ఒకే వేళకు ఇచ్చే ఇలాంటి గుర్తులు మొదట ఓడల కోసం పెట్టినవి, తర్వాతే ఊళ్లకు పనికొచ్చాయి.

సముద్రమే లేని సీమకు ఈ టైమ్‌ను మోసుకొచ్చింది రైలు. మద్రాసు నుంచి బయలుదేరిన లైను 1860లలో కడప మీదుగా సాగి, గుత్తి, గుంతకల్లు, ఆదోని దాటి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనును కలిసింది. బొంబాయి టైమ్‌కూ మద్రాసు టైమ్‌కూ అరగంట దాకా తేడా. ఒకే పట్టాల మీద రెండు టైమ్‌లతో బండ్లు నడపడం ప్రమాదం కాబట్టి, బొంబాయికీ కలకత్తాకూ మధ్యలో ఉన్న మద్రాసు టైమే దేశంలో రైల్వే టైమ్ అయింది. అది రోజూ టెలిగ్రాఫ్ తీగ మీద స్టేషన్లకు చేరేది. ఆ అలవాటు ఎంత గట్టిదంటే, ప్రామాణిక సమయాన్ని రోజూ 16.00 గంటలకు ముఖ్యమైన స్టేషన్లన్నిటికీ పంపాలన్న మాట నేటికీ రైల్వే సాధారణ నిబంధనల్లో ఉంది. ఊళ్లో కోర్టు గడియారమైనా, స్కూలు గడియారమైనా, మిల్లు గడియారమైనా చివరికి స్టేషన్ గడియారాన్నే చూసి సరిచేసుకోవాల్సి వచ్చేది. అప్పట్లో మిగతావాటిని సరిదిద్దే అధికారం ఉన్న గడియారం అదొక్కటే.

ఇక్కడ ఒక లెక్క వేయాలి. మద్రాసు టైమ్ రావడంతో అనంతపురం గడియారం సొంత సూర్యుడి కంటే సుమారు పదకొండు నిమిషాలు ముందుకు జరిగింది, కడపది ఆరు నిమిషాలు. 1906 జనవరి 1న భారత ప్రామాణిక సమయం వచ్చింది. అది మీర్జాపూర్ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశానిది, గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. దాంతో ఇంకో 8 నిమిషాల 46 సెకన్లు ముందుకు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు మధ్య దాకా, దేశం గడియారాలన్నిటినీ ఏకంగా గంట ముందుకు తిప్పారు. ఆ మూడేళ్లూ అనంతపురంలో గడియారం పన్నెండు కొట్టినప్పుడు సూర్యుడి లెక్కన పదీ నలభై. నీడ చూసి పొద్దు చెప్పే రైతుకు ఆ రోజుల్లో ఊరి గడియారం మతి తప్పినట్టు కనిపించి ఉంటే తప్పు పట్టలేం.

బొంబాయి దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. 1906 జనవరిలోనే అక్కడ మిల్లు కార్మికులు కొత్త టైమ్‌కు పని చేయబోమని ఆందోళనకు దిగారు. బొంబాయి టైమ్ 1955 దాకా ఏదో ఒక రూపంలో బతికే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో గొడవ లేకపోవడానికి కారణం దేశభక్తి తగ్గడం కాదు. అప్పటికే మూడు దశాబ్దాలుగా రైల్వే టైమ్‌కు అలవాటు పడిన జనానికి ఇంకో తొమ్మిది నిమిషాలు పెద్ద లెక్క కాలేదు.

ఇంతవరకూ వచ్చింది గడియారం కథ. గడియారం ఉన్నచోట సైరన్ ఎందుకు కావాల్సి వచ్చిందన్నది వేరే సంగతి. అనంతపురం నడిబొడ్డున టవర్ క్లాక్ ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుకు గుర్తుగా 15 అడుగుల వెడల్పుతో, 8 పలకలతో, 47 అడుగుల ఎత్తున కట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. అందమైన ఆలోచనే. అయితే గడియార స్తంభం ఎంత ఎత్తుదైనా దాన్ని చూడాలంటే దాని దగ్గరికి రావాలి, తల ఎత్తాలి, ముల్లు చదవడం రావాలి. పాతూరు సందుల్లో గోడ కడుతున్న కూలీకి గానీ, చెరువు కింద మడిలో నాటు వేస్తున్న ఆడవాళ్లకు గానీ అది ఉపయోగపడదు. చెవికి అలాంటి ఇబ్బందులు లేవు. పనిలో చేతులు ఆడుతుండగానే, తల వంచుకునే ఉండి, టైమ్ వినొచ్చు.

సైరన్ యంత్రం కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌కు చెందిన కన్యార్ ద లా తూర్ 1819లో దీన్ని శబ్దాన్ని కొలిచే పరికరంగా తయారుచేశాడు. రంధ్రాలున్న ఒక పళ్లెం తిరుగుతూ గాలిని ఆపుతూ వదులుతూ ఉంటే, సెకనుకు ఎన్నిసార్లు ఆపి వదిలిందో అంత స్వరం పుడుతుంది. కరెంటు సైరన్‌లోనూ అదే సూత్రం. లోపల కిటికీలున్న చక్రం, చుట్టూ కిటికీలున్న డబ్బా, తిప్పడానికి మోటారు. పది కిటికీల చక్రం నిమిషానికి 2,850 చుట్లు తిరిగితే సెకనుకు 475 సార్లు గాలి తెగుతుంది, చెవికి వినపడేది అదే. స్విచ్ వేయగానే కూత కింది స్థాయిలో మొదలై పైకి లేవడం మోటారు వేగం అందుకోవడం వల్ల, ఆపాక మూలుగుతూ దిగిపోవడం చక్రం తన ఊపు మీద తిరగడం వల్ల. 1990లలో దక్షిణాది కరెంటు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు కరెంటు చేసే ఆవృత్తుల సంఖ్య, 50 నుంచి 48 దగ్గరికి పడిపోవడం మామూలుగా ఉన్న రోజుల్లో ఈ మోటార్లన్నీ ఆ మేరకు మందగించేవి. మంచి చెవి ఉన్న సంగీతం మాస్టారు ఎవరైనా ఉంటే సైరన్ స్వరం విని గ్రిడ్ పరిస్థితి చెప్పగలిగేవారు. ఇక కరెంటే లేకపోతే ఊరికి ఆ పూట పన్నెండు కాదు.

రాయలసీమ ఎండకు, సైరన్‌కు మధ్య ఒక వింత సంబంధం ఉంది. మే నెల మధ్యాహ్నం నేల కాలిపోతుంటుంది. నేలను ఆనుకున్న గాలి పైగాలి కంటే బాగా వేడిగా ఉంటుంది. వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది కాబట్టి కూత నేల వెంబడి సాగకుండా పైకి వంగిపోతుంది. తెల్లవారుజామున దీనికి సరిగ్గా తలకిందులు. నేల చల్లబడి, పైన గాలి కాస్త వెచ్చగా ఉండి, శబ్దం కిందికి వంగి దూరం పోతుంది. అందుకే ఒకే సైరన్, ఒకే మోటారు అయినా తెల్లవారుజాము కూత చెరువు అవతలి బుక్కరాయసముద్రం లాంటి ఊళ్ల దిక్కుకు సాగినంతగా మధ్యాహ్నం కూత సాగదు. పగటి రొద కూడా తోడవుతుంది. నలభై డిగ్రీల ఎండలో శబ్దం సెకనుకు 355 మీటర్ల చొప్పున పోతుంది, అంటే మూడు కిలోమీటర్ల దూరానికి ఎనిమిదిన్నర సెకన్లు ఆలస్యం. ఓడ కెప్టెన్‌కు ఆ ఎనిమిది సెకన్లు ప్రాణసంకటం. అందుకే రేవుల్లో కంటికి కనపడే బంతిని నమ్మేవారు. సంగటి తినేవాడికి దానితో పనిలేదు. ఈ ఊళ్లకు కావాల్సింది సెకన్ల కచ్చితత్వం కాదు, అందరూ ఒకేసారి ఒప్పుకునే ఒక గుర్తు.

సైరన్ అనగానే చాలామందికి యుద్ధం గుర్తొస్తుంది. అదీ కారణం లేకుండా కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ వెంటనే మద్రాసు నగరం సగానికి పైగా ఖాళీ అయిపోయి, జనం లోపలి జిల్లాలకు తరలిపోయారు. ఎగుడుదిగుడుగా కూస్తే ప్రమాదం, ఒకే స్వరంలో సాగితే ప్రమాదం తప్పినట్టు అనే భేదం అప్పుడే జనానికి అలవాటైంది. యుద్ధం తర్వాత యూరప్‌లో ఆ సైరన్లను తీసేయకుండా పరీక్షగా మోగిస్తూ వచ్చారు. నెదర్లాండ్స్‌లో ప్రతి నెలా మొదటి సోమవారం, ఫ్రాన్స్‌లో మొదటి బుధవారం మధ్యాహ్నం ఆ పరీక్ష ఉంటుంది. మన దగ్గర 1962, 1965, 1971 యుద్ధాలు, 1968 పౌర రక్షణ చట్టం సైరన్‌కు ప్రభుత్వ పరంగా ఒక స్థానం కల్పించాయి.

అందువల్ల ఊరి సైరన్ యుద్ధపు సైరన్‌కు వారసురాలనీ, పాడవలేదని చూసుకోవడానికి రోజూ మోగించడం మొదలుపెడితే అదే టైమ్ అయిందనీ ఒక వాదన వినిపిస్తుంది. చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ మన పట్టణాల సైరన్ విషయంలో ఇది సగమే నిజమనిపిస్తుంది. కారణం, అది మోగే వేళలు. యంత్రం పనిచేస్తోందో లేదో చూడటానికి రోజుకు ఒక్కసారి చాలు, నిజానికి నెలకు ఒక్కసారి చాలు. మన సైరన్లు మోగింది పొద్దున్నే ఒకసారి, పని మొదలయ్యే వేళ ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం, కొన్నిచోట్ల రాత్రి ఇంకోసారి. ఇవి పరీక్ష వేళలు కావు, షిఫ్టు వేళలు. అవి మిల్లు నుంచి వచ్చినవి. ఆదోని లాంటి పత్తి ఊళ్లలో జిన్నింగు, స్పిన్నింగు మిల్లులు తమ పనివాళ్లను పిలవడానికి కూత వేసేవి. ఆ పిలుపు మిల్లు గోడలకు లోబడి ఉండదు కదా, ఊరంతా వినేది. మిల్లులో పని లేనివాళ్లు కూడా ఆ కూతకే పొయ్యి వెలిగించేవారు, పిల్లలను బడికి పంపేవారు. మున్సిపాలిటీ చేసిందల్లా ఆ అలవాటును తన చేతిలోకి తీసుకోవడం. యంత్రం యుద్ధం నుంచి వచ్చిందనుకున్నా, వేళలు మాత్రం మిల్లువి.

మున్సిపాలిటీ చేతికి రావడంలో ఒక మేలు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వాచీ అందరికీ లేని కాలంలో పనిచోట టైమ్ ఎవరి మాట? మేస్త్రీ మాట. వాచీ ఆయన చేతికే ఉంటుంది. ఇంకా అయిదు కాలేదంటే కాలేదు. పొద్దు వాలిపోతున్నట్టు కూలీ కంటికి కనిపిస్తున్నా ఎదురు చెప్పడానికి ఆధారం లేదు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ ఫ్యాక్టరీల్లో యజమానులు గడియారాన్ని పొద్దున ముందుకూ సాయంత్రం వెనక్కూ తిప్పేవారన్న ఫిర్యాదులు ఆనాటి చరిత్రలో బోలెడు. ఊరి సైరన్ ఏ యజమానిదీ కాదు. అది కూసిందంటే మేస్త్రీకీ వినపడుతుంది, కూలీకీ వినపడుతుంది, వాదన అక్కడితో సరి. స్వాతంత్ర్యం తర్వాత పనిగంటల మీద చట్టాలు వచ్చాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు తొమ్మిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అని హద్దు పెట్టింది. గోడ కట్టే కూలీ ఆ చట్టం కిందికి రాకపోవచ్చు. కానీ సాయంత్రం సైరన్ ఆ పరిధి చూసి మోగదు.

అన్ని సైరన్లూ టైమ్ చెప్పేవి కావు. గుంతకల్లు లాంటి రైల్వే ఊళ్లలో షెడ్డు సైరన్ ఎన్నిసార్లు మోగిందన్న దాన్ని బట్టి ప్రమాదం ఎలాంటిదో, రిలీఫ్ బండి, మెడికల్ వ్యాన్ కదలాలో లేదో సిబ్బందికి తెలుస్తుంది. మంగంపేట ముగ్గురాయి గనుల్లోనూ, సున్నపురాయి క్వారీల్లోనూ బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ వేయాల్సిందే.

వీటన్నిటిలోకీ ప్రత్యేకమైనది రంజాన్ నెల సైరన్. కడప, కర్నూలు, అనంతపురాల్లో సహర్ ముగింపుకూ ఇఫ్తార్‌కూ మసీదుల నుంచి సైరన్ మోగుతుంది. ఇది గడియారం చూసే మోగినా, లెక్క మాత్రం ఆ ఊరి సూర్యుడిది. కడప కంటే అనంతపురంలో రేఖాంశం లెక్కన పొద్దు దాదాపు అయిదు నిమిషాలు ఆలస్యంగా గుంకుతుంది. అందుకే ఇఫ్తార్ వేళల పట్టికలను ఊరిని బట్టి వేస్తారు. కడప పట్టిక పట్టుకుని అనంతపురంలో ఉపవాసం విడిస్తే పొద్దు ఇంకా ఆకాశంలోనే ఉంటుంది. మున్సిపల్ సైరన్ ఊరిని దేశం టైమ్‌కు కట్టేస్తే, రంజాన్ సైరన్ ఏడాదికో నెల పాటు ఆ ఊరి సొంత టైమ్‌ను తిరిగి వినిపిస్తుంది. రైలు రాకముందటి పద్ధతిలో ఊరంతటికీ టైమ్ ప్రకటించేది ఇప్పుడు ఇదొక్కటేనేమో.

రోజువారీ సైరన్ వెనకబడటం ఒక్కసారిగా జరగలేదు. మొదట రేడియో వచ్చింది. వార్తలకు ముందు ఆకాశవాణి వినిపించే బీప్‌లతో వాచీ సరిచేసుకోవడం ఇంటింటి అలవాటైంది. కడప కేంద్రం 1963లో మొదలయ్యాక సీమకు ఆ గొంతు మరీ దగ్గరైంది. సైరన్ స్విచ్ దగ్గర కూర్చునే ఉద్యోగికి స్టేషన్‌కు వెళ్లే పని తప్పింది. ఆ బీప్‌ల వెనక ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల గడియారాలు ఉంటాయి. భారత ప్రామాణిక సమయాన్ని కాపాడే బాధ్యత ఆ ప్రయోగశాలదే. 1961లో హెచ్ఎంటీ బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. కొంతకాలానికి పెళ్లిలో అల్లుడికి వాచీ పెట్టడం మర్యాదైంది, 1980లలో చవక క్వార్ట్జ్ వాచీలు వచ్చాక మర్యాదా పోయింది. చివరికి సెల్‌ఫోన్ నెట్‌వర్క్ నుంచి తనంతట తానే టైమ్ తీసుకోవడంతో సరిచేసుకోవడం అనే పనే లేకుండా పోయింది.

మరోవైపు చట్టం కూడా మారింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని హద్దు పెట్టాయి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. తెల్లవారుజామున అయిదింటి కూత ఆ లెక్కలో రాత్రి కిందికే వస్తుంది. ఒక తరానికి నిద్ర లేపే సాయం, తర్వాతి తరానికి నిద్ర చెడగొట్టే రొద. ఇందులో ఎవరిదీ తప్పు అనలేం. నైట్ డ్యూటీ చేసి నాలుగింటికి పడుకున్నవాడి బాధ వాడిది.

ప్రభుత్వం మాత్రం సైరన్‌ను పూర్తిగా వదల్లేదు. జనవరి 30న అమరవీరుల దినం నాడు 10.59కి సైరన్, 11 గంటల నుంచి రెండు నిమిషాల మౌనం, 11.02కి మళ్లీ సైరన్ అని హోం శాఖ ఏటా రాష్ట్రాలకు రాస్తుంది. సైరన్ లేనిచోట వేరే విధంగా తెలపమని కూడా అందులోనే ఉంటుంది. హెచ్చరికల పని ఫోన్లకు అప్పగించే ప్రయత్నమూ నడుస్తోంది. 2023లో సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్షల సందర్భంగా దేశమంతా ఫోన్లు ఒక్కసారిగా బీప్‌మని అరిచాయి. అయినా 2025 మే 7న పౌర రక్షణ మాక్ డ్రిల్ జరిపినప్పుడు విశాఖపట్నం, హైదరాబాద్ లాంటి నగరాల్లో మోగింది సైరన్లే. చార్జింగ్ అయిపోయిన ఫోన్‌కు, చదవడం రాని మనిషికి చేరే హెచ్చరిక అదే కాబట్టి. డ్రిల్‌లో జనానికి మొదట నేర్పాల్సి వచ్చింది కూడా పాత పాఠమే: ఎగుడుదిగుడు కూత దేనికి, ఒకే స్వరం దేనికి. రోజూ ఒకే స్వరం విని పెరిగిన ఊళ్లో ఆ తేడాను ఎవరూ ప్రత్యేకంగా నేర్పాల్సిన అవసరం ఉండేది కాదు.